సండే స్కూలు మాస్టారి నుంచి ట్రంప్ దాకా

(ఒంగోలులో మిత్రులు ఏర్పాటు చేసిన సాయంత్రపు సభలో చేసిన ప్రసంగం. రికార్డు విని రాసిన పాఠం.)

పెద్దలందరికీ నమస్కారం. సంఘాల నుంచి వచ్చినవాళ్లకు వందనాలు.

నన్ను ఈ సభకు పిలిచిన మిత్రుడు ఫోన్‌లో ఒకటే అడిగాడు. "మాస్టారూ, మీరు డల్లాస్ వెళ్లొచ్చారు కదా. అక్కడ అంత భక్తిగా ఉండే క్రైస్తవులు ట్రంప్‌కి ఎందుకు ఓటేస్తారో చెప్పండి, చాలు" అన్నాడు. ముప్పై ఏళ్లు రాజనీతిశాస్త్రం చెప్పినవాణ్ణి. పుట్టింది పెరిగింది బాప్టిస్టు ఇంట్లో. అందుకని ఆ ప్రశ్న నాకు పేపర్లో చదివి పక్కన పెట్టేది కాదు. రాత్రిళ్లు నిద్ర పట్టనప్పుడు కూడా బుర్రలో తిరుగుతూ ఉంటుంది.

2024 అక్టోబరు ఆఖరి ఆదివారం నేను మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. పక్కింటావిడ తెల్లావిడ, డెబ్బై దాటాయి. భర్త పోయారు. నేను చర్చికి వెళతానని తెలిసి, "మాతో రండి" అని కారెక్కించుకుంది. చర్చి చాలా పెద్దది. లోపలికి వెళ్లగానే వరండాలాంటి హాలు, అందులో ఒక పొడుగాటి బల్ల. బల్ల మీద కాఫీ ఫ్లాస్కులు, డోనట్ల అట్టపెట్టెలు, వాటి పక్కన ఒక కాగితాల దొంతర. ఒకటి తీసి చూశాను. రెండు నిలువు గళ్లు. ఒకదాని మీద ట్రంప్ పేరు, రెండోదాని మీద కమలా హారిస్ పేరు. అడ్డంగా అబార్షన్, ఇజ్రాయెల్, మత స్వేచ్ఛ, పిల్లల చదువులు. ఒక్కోదానికి ఎదురుగా ఈయన ఒప్పుకుంటారు, ఈవిడ ఒప్పుకోరు అని. ఎవరికి ఓటెయ్యాలో ఎక్కడా రాయలేదు. అడుగున సన్నక్షరాల్లో ఈ కాగితం ఏ అభ్యర్థినీ సమర్థించదని మాత్రం రాశారు. చర్చిలాంటి, పన్ను మినహాయింపు ఉన్న ధార్మిక సంస్థ ఏదీ అభ్యర్థుల తరఫున ప్రచారం చెయ్యకూడదని 1954లో లిండన్ జాన్సన్ సెనేటర్‌గా ఉన్నప్పుడు తెచ్చిన నిబంధన ఒకటి ఉంది. ఆ సన్నక్షరాలు దాని కోసం. పాస్టర్ గారు కూడా ప్రసంగంలో ఎవరి పేరూ ఎత్తలేదు. "ప్రార్థన చేసుకోండి, వాక్యాన్ని బట్టి ఓటెయ్యండి" అన్నారు. కాగితం చూసినవాళ్లకు అంతకన్నా చెప్పక్కర్లేదు.

తిరిగి వస్తుంటే ఉండబట్టలేక ఆవిణ్ణి అడిగాను. "అమ్మా, మీరు నలభై ఏళ్లు సండే స్కూల్లో పిల్లలకు చెప్పారట కదా. ఆయన బతుకు చూపించి పిల్లలకు పాఠం చెప్పగలరా?" సిగ్నల్ దగ్గర కారు ఆగి ఉంది. ఆవిడ స్టీరింగ్ వైపే చూస్తూ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది: "చెప్పలేను. ఆయన్ని నేను మా పాస్టర్‌గా పెట్టుకోవడం లేదండీ. మా గుమ్మం ముందు కాపలాకి పెట్టుకుంటున్నాను." ఇంకో రెండు వీధులు దాటాక తనే అంది: "నా మొదటి ఓటు ఎవరికో తెలుసా? 1976లో. జిమ్మీ కార్టర్‌కి."

ఈ సాయంత్రం నేను చెప్పేదంతా ఆ రెండు ఓట్ల మధ్య జరిగిన కథే. అదే మనిషి, అదే బైబిలు, అదే చర్చి. ఒకప్పుడు అభ్యర్థిని "నీ సాక్ష్యం ఏమిటి?" అని అడిగిన మనిషి, ఇప్పుడు "మా కోసం ఏం చేస్తావు?" అని అడుగుతోంది. ఆ ప్రశ్న ఎప్పుడు మారింది, ఎవరు మార్చారు?

ముందు ఒకటి తేల్చుకుందాం. అమెరికా క్రైస్తవులందరినీ ఒకే గాటన కట్టకూడదు. కాథలిక్కులున్నారు. మెథడిస్టులు, లూథరన్లు, ప్రెస్బిటేరియన్లలాంటి పాత శాఖలున్నాయి. నల్లవాళ్ల సంఘాలున్నాయి. మనం మాట్లాడుకునేది ఇవాంజెలికల్స్ గురించి. ఈ మాట మన ఊళ్లలో విడమరిచి చెప్పాల్సిన పని లేదు. "రక్షణ పొందావా?" అని అడిగేవాళ్లు. క్రైస్తవుల ఇంట్లో పుడితే చాలదు, నీకంటూ మారుమనస్సు కలగాలి. వాక్యమే ప్రమాణం. సిలువ మీద జరిగినదే ఆధారం. నువ్వు పొందినది పదిమందికీ చెప్పాలి. బ్రిటిష్ చరిత్రకారుడు డేవిడ్ బెబ్బింగ్టన్ 1989లో ఇవాంజెలికల్స్‌ని గుర్తుపట్టే నాలుగు లక్షణాలంటూ రాసినవి ఇవే. మన కూటాల్లో లేచి నిలబడి సాక్ష్యం చెప్పే అమ్మమ్మలకు ఆ నాలుగూ ఎప్పటినుంచో తెలుసు.

సర్వేలు చేసేవాళ్లు మాత్రం సిద్ధాంతంలోకి వెళ్లరు. "మిమ్మల్ని మీరు బార్న్ అగైన్ లేదా ఇవాంజెలికల్ అనుకుంటారా?" అని అడిగి, ఆ జవాబుకి జాతిని కలిపి లెక్క కడతారు. పేపర్లలో "తెల్ల ఇవాంజెలికల్స్" అని పడేది అందుకే. ఆ "తెల్ల" అన్న మాట తీసేస్తే లెక్క వేరే. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఈ విషయం ఒంగోలులో మాట్లాడాలని నాకు ఎప్పటినుంచో ఉంది. అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు ఇక్కడికి 1866లో వచ్చారు. ధాత కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే బకింగ్‌హాం కాలవ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, కూలి ఇప్పించి ఎంతోమందిని బతికించారు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగ పల్లెలవాళ్లు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో కొందరి ముత్తాతలు ఆ రోజు ఆ నీళ్లలో దిగి ఉంటారు. ఆ మిషన్‌ని నడిపిన బాప్టిస్టులు అమెరికా ఉత్తరాదివాళ్లు. మన నెల్లూరులో మిషన్ పెట్టిన కొన్నేళ్లకే, 1845లో, అమెరికా బాప్టిస్టులు రెండుగా చీలిపోయారు. బానిసల్ని ఉంచుకున్నవాణ్ణి మిషనరీగా పంపవచ్చా, పంపకూడదా అన్నదే తగాదా. పంపవచ్చు అన్న దక్షిణాదివాళ్లు జార్జియాలోని ఆగస్టాలో కూడి సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ పెట్టుకున్నారు. మన మిషన్ రెండో పక్షం దగ్గర ఉండిపోయింది. ఆ దక్షిణాది కన్వెన్షనే ఈరోజు అమెరికాలో అన్నిటికన్నా పెద్ద ప్రొటెస్టంట్ శాఖ. బానిసత్వాన్ని సమర్థించినందుకు 1995లో క్షమాపణ అడిగింది. నూటయాభై ఏళ్లు పట్టింది. ఈ చీలిక గుర్తుపెట్టుకోండి. తర్వాతి రాజకీయమంతా ఆ నేలలోంచి మొలిచిందే.

ఇక 1976. జార్జియాలో ప్లెయిన్స్ అనే చిన్న ఊరు. అక్కడ వేరుశనగ పండించే సదరన్ బాప్టిస్టు, ప్రతి ఆదివారం సండే స్కూలు పాఠం చెప్పే మనిషి జిమ్మీ కార్టర్, డెమొక్రాట్ల తరఫున అధ్యక్ష పదవికి పోటీ చేశాడు. తాను తిరిగి జన్మించినవాణ్ణని మొహమాటం లేకుండా చెప్పుకున్నాడు. వాటర్‌గేట్ కుంభకోణంలో అధ్యక్షుడు నిక్సన్ దిగిపోయిన తర్వాతి రోజులవి. అబద్ధాలతో విసిగిన దేశానికి "నేను మీకు అబద్ధం చెప్పను" అనే మనిషి దొరికాడు. న్యూస్‌వీక్ పత్రిక ఆ ఏడాదిని ఇవాంజెలికల్స్ సంవత్సరం అని రాసింది. అంతర్యుద్ధంలో విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల్లో ఒక్క వర్జీనియా తప్ప అన్నీ కార్టర్‌కే వచ్చాయి. మా పక్కింటావిడ అప్పుడే ఓటేసింది. "మా నాన్నలా మాట్లాడేవాడు" అని చెప్పింది.

నాలుగేళ్లు తిరిగేసరికి అదే దక్షిణాదిలో కార్టర్‌కి సొంత జార్జియా ఒక్కటే మిగిలింది. ధరలు పెరిగాయి, ఇరాన్‌లో బందీల సంక్షోభం వచ్చింది, ఇవన్నీ నిజమే. కానీ చర్చిల్లో జరిగింది వేరు. దాన్ని కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరబడతారు.

ఎవర్నడిగినా అబార్షన్ అంటారు. 1973 జనవరిలో సుప్రీంకోర్టు రో కేసులో అబార్షన్ స్త్రీల హక్కని తీర్పిచ్చింది, విశ్వాసులు మేలుకున్నారు, రాజకీయాల్లోకి వచ్చారు అంటారు. తేదీలు చూస్తే అది పొసగదు. 1971లో సెయింట్ లూయిస్‌లో కూడిన సదరన్ బాప్టిస్టులే ఒక తీర్మానం చేశారు. అత్యాచారం జరిగినా, పిండానికి తీవ్రమైన లోపం ఉన్నా, తల్లి శారీరక, మానసిక ఆరోగ్యానికి ముప్పు ఉన్నా అబార్షన్‌కి చట్టం వీలు కల్పించాలని అందులో కోరారు. రో తీర్పు వచ్చిన కొత్తలో వీధుల్లోకి వచ్చింది ఎక్కువగా కాథలిక్కులు. ఇవాంజెలికల్స్‌లో చాలామంది దాన్ని కాథలిక్కుల గొడవగానే చూశారు.

మరి మొదటి నిప్పు ఎక్కడ అంటుకుంది? స్కూళ్ల దగ్గర. తెల్లపిల్లలు, నల్లపిల్లలు కలిసి చదవాలని కోర్టులు ఆజ్ఞాపించాక దక్షిణాదిలో ఊరూరా ప్రైవేటు క్రిస్టియన్ స్కూళ్లు లేచాయి. అన్నీ ఆ ఉద్దేశంతో పెట్టినవి కావు కానీ, నల్లవాళ్లను రానివ్వని బళ్లు చాలానే ఉన్నాయి. జాతిభేదం చూపే బడికి పన్ను మినహాయింపు కుదరదని 1971లో కోర్టు చెప్పింది. సౌత్ కరోలినాలోని బాబ్ జోన్స్ యూనివర్సిటీకి 1976లో మినహాయింపు తీసేశారు. 1978లో, కార్టర్ హయాంలో, పన్నుల శాఖ ప్రైవేటు బళ్ల మీద కొత్త నిబంధనలు ప్రతిపాదించింది. అంతే, పాస్టర్లు కదిలారు. ప్రభుత్వం మా సంఘంలోకి, మా బడిలోకి చొరబడుతోందని ఉత్తరాలు గుట్టలుగా వెళ్లాయి. ఈ మతవాద రాజకీయాన్ని కట్టినవాళ్లలో ముఖ్యుడు పాల్ వేరిక్. విశ్వాసుల్ని కదిలించడానికి తాను ఎన్నో అంశాలు ప్రయత్నించానని, చివరికి కదిలించింది ఈ బళ్ల మీద పన్నుల గొడవేనని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. బాబ్ జోన్స్ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1983లో ఎనిమిది మంది ఒకవైపు, ఒక్కరు ఒకవైపుగా యూనివర్సిటీ ఓడిపోయింది.

అబార్షన్ ఆ తర్వాత వచ్చి చేరింది, చేరి అన్నిటికన్నా ముందు నిలబడింది. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈరోజు అక్కడి విశ్వాసి కడుపులోని బిడ్డ గురించి పడే బాధ నటన అని నేననను. మా పక్కింటావిడ వారానికి ఒకరోజు వెళ్లి, దిక్కులేని గర్భిణులకు బట్టలు, పాలడబ్బాలు సర్దేది. నేను కళ్లతో చూశాను. ఆవిడ బాధ నిజమైనది. కానీ ఆ ఉద్యమం పుట్టుకలో ఉన్న జాతి సంగతి దాచిపెడితే చరిత్ర కుంటిదవుతుంది.

జెర్రీ ఫాల్వెల్ గారి సంగతి చూడండి. వర్జీనియాలోని లించ్‌బర్గ్‌లో పెద్ద పాస్టర్. 1965లో, మార్టిన్ లూథర్ కింగ్ నాయకత్వంలో నల్లవాళ్లు ఓటుహక్కు కోసం నడుస్తున్న రోజుల్లో, బోధకుడి పని ఆత్మల్ని రక్షించడమే, రాజకీయాలు కాదని ప్రసంగం చేశారు. పద్నాలుగేళ్ల తర్వాత, 1979లో, అదే ఫాల్వెల్ మోరల్ మెజారిటీ అనే సంస్థ పెట్టి, ఓటరుగా నమోదు చేసుకోకపోవడం పాపం అన్నంత దూరం వెళ్లారు. 1965లో ఆయన చెప్పింది తప్పని నేను అనుకుంటాను. 1979లో విశ్వాసులు ఓటెయ్యాలనడం తప్పు కాదు. ఈ రెంటి మధ్య ఏది ఆయన మనసు మార్చిందన్నదే నన్ను బాధపెడుతుంది.

1980 ఆగస్టులో డల్లాస్‌లో వేలాది మంది పాస్టర్లు, విశ్వాసులు కూడిన సభకు కార్టర్ మీద పోటీ చేస్తున్న రిపబ్లికన్ అభ్యర్థి రోనాల్డ్ రీగన్ వచ్చాడు. పార్టీలతో సంబంధం లేని సభ అన్నారు. "మీరు నన్ను సమర్థించలేరని నాకు తెలుసు. కానీ నేను మిమ్మల్ని సమర్థిస్తున్నాను" అన్నాడు రీగన్. హాలు దద్దరిల్లింది. ఎవరీ రీగన్? హాలీవుడ్ నటుడు. విడాకులు తీసుకుని రెండో పెళ్లి చేసుకున్నవాడు. కాలిఫోర్నియా గవర్నర్‌గా 1967లో అబార్షన్ నిబంధనలు సడలించే చట్టం మీద సంతకం పెట్టినవాడు. ఎదుటివైపు ఉన్నది సండే స్కూలు మాస్టారు. అయినా ఓట్లు ఇటు వచ్చాయి. ట్రంప్‌తోనే ఏదో కొత్తగా జరిగిందనేవాళ్లకు నేను ఈ డల్లాస్ సభ గుర్తుచేస్తాను. ప్రశ్న మారింది అక్కడే.

అప్పుడు అందరూ ఆ దారిన పోలేదు. అమెరికా సువార్తికుడు బిల్లీ గ్రాహం గారి పేరు మన పెద్దలకు తెలుసు. 1977లో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆయన మన దేశంలోనే కూటాలు పెడుతున్నారు. ఉప్పెన ప్రాంతానికి వచ్చి చూశారు, ఆయన సంస్థ బాధితులకు ఇళ్లు కట్టించింది. ఆయన అంతకుముందు నిక్సన్‌కి బాగా దగ్గరగా మెలిగి, వాటర్‌గేట్ టేపులు బయటపడ్డాక చాలా నొచ్చుకున్నారు. మోరల్ మెజారిటీలో చేరలేదు. మతానికీ ఒక రాజకీయ పక్షానికీ పెళ్లి చేస్తే ప్రమాదమని 1981లోనే హెచ్చరించారు. 2011లో, తొంభై దాటిన వయసులో, మళ్లీ బతికే అవకాశం ఉంటే రాజకీయాలకు దూరంగా ఉండేవాణ్ణని చెప్పారు. అంతటి మనిషి మాట కూడా ఆ ప్రవాహంలో వినపడలేదు.

తర్వాతి ఇరవై ఏళ్లు త్వరగా దాటేస్తాను. 1988లో టీవీ బోధకుడు పాట్ రాబర్ట్‌సన్ తానే పోటీకి దిగి, రిపబ్లికన్ పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే తొలి పోటీలో, అయోవాలో, జార్జి బుష్ కన్నా ముందు నిలిచాడు, తర్వాత వెనకబడ్డాడు. ఆ పలుకుబడితో క్రిస్టియన్ కోయలిషన్ అనే రాజకీయ సంస్థ వచ్చింది. 2000 ఎన్నికల ముందు ఒక చర్చలో నీకు నచ్చిన తత్వవేత్త ఎవరని అడిగితే చిన్న బుష్ "క్రీస్తు. ఆయన నా హృదయాన్ని మార్చాడు" అన్నాడు. అది మన భాషలో సాక్ష్యం చెప్పడమే. 2004లో ఎగ్జిట్ పోల్స్ ప్రకారం తెల్ల ఇవాంజెలికల్స్‌లో నూటికి 78 మంది ఆయనకే వేశారు. 2012లో రిపబ్లికన్ అభ్యర్థి మిట్ రామ్నీకీ అంతే పడ్డాయి. ఆయన మోర్మన్. ఎన్నో చర్చిల్లో మోర్మన్లది క్రైస్తవమే కాదని బోధిస్తారు. దాన్నిబట్టే అర్థమవ్వాలి, అభ్యర్థి విశ్వాసం ఏదన్నది అప్పటికే వెనక్కి వెళ్లిపోయిందని.

మధ్యలో 1998 ఒకటుంది, దాన్ని దాటలేను. అధ్యక్షుడు బిల్ క్లింటన్ అక్రమ సంబంధం వ్యవహారం దేశమంతా మోగిపోతున్న రోజులు. క్లింటన్ కూడా సదరన్ బాప్టిస్టే. ఆ జూన్‌లో కన్వెన్షన్ ఒక తీర్మానం చేసింది. నాయకుల్లో ఘోరమైన తప్పుల్ని సహిస్తే జాతి మనస్సాక్షి మొద్దుబారిపోతుంది, దేవుని తీర్పు తప్పదు, నాయకుడి వ్యక్తిగత శీలం చూసే ఓటెయ్యాలి అని. నేను దాన్ని మా విద్యార్థులకు చదివి వినిపించేవాణ్ణి. ఇప్పటికీ అందులోని ప్రతి వాక్యానికీ నేను ఆమెన్ అంటాను.

2016లో ఆ తీర్మానం ఎవరికీ గుర్తు రాలేదు. అభ్యర్థి ట్రంప్. మూడు పెళ్లిళ్లు, కాసినోల వ్యాపారం. జనవరిలో ఫాల్వెల్ స్థాపించిన లిబర్టీ యూనివర్సిటీకి వచ్చి, రెండవ కొరింథీ పత్రిక పేరును అక్కడి విశ్వాసులెవరూ పలకని తీరులో "టూ కొరింథియన్స్" అని చదివాడు. పిల్లలు నవ్వారు. అయినా ఓటేశారు. మొదట్లో పెద్ద పెద్ద నాయకులు ఎదురు నిలిచారు. సదరన్ బాప్టిస్టుల తరఫున మాట్లాడే రస్సెల్ మూర్ గట్టిగా వద్దన్నారు. అయోవాలో, పార్టీలో ట్రంప్‌తో పోటీపడ్డ టెడ్ క్రూజ్ గెలిచాడు. కానీ బల్లల మీద కూర్చున్న జనం పాస్టర్ల కన్నా ముందే ట్రంప్ వైపు వెళ్లిపోయారు, పాస్టర్లు జనం వెనక నడిచారు. కాపరి గొర్రెల వెనక పడితే ఏమవుతుందో మన పల్లెల్లో ఎవర్నడిగినా చెబుతారు.

ఎందుకు వెళ్లారు? జవాబు పక్కింటావిడ కారులోనే చెప్పేసింది. కాపలా. 2015లో సుప్రీంకోర్టు స్వలింగ వివాహాలకు దేశమంతటా చట్టబద్ధత ఇచ్చింది. చర్చికి వచ్చేవాళ్లు తగ్గుతున్నారు. ఆవిడ మనవళ్లలో ఒక్కడే ఆదివారం చర్చికి వస్తాడు. తమ దేశం చేజారిపోతోందన్న భయం ఇంటింటా ఉంది. 2016 ఫిబ్రవరిలో న్యాయమూర్తి స్కాలియా చనిపోయాడు, సుప్రీంకోర్టులో ఒక కుర్చీ ఖాళీ అయింది. ఇంతకుముందు ఏ అభ్యర్థీ చెయ్యని పని ట్రంప్ చేశాడు. గెలిస్తే ఎవర్ని న్యాయమూర్తులుగా పెడతానో పేర్ల జాబితా మేలోనే బయటపెట్టాడు. ఉపాధ్యక్షుడిగా ఇవాంజెలికల్ అయిన మైక్ పెన్స్‌ని తెచ్చుకున్నాడు. అక్టోబరులో ఆడవాళ్ల గురించి ఆయన నీచంగా మాట్లాడిన టేపు బయటికొచ్చింది. నవంబరులో ఎగ్జిట్ పోల్స్ లెక్క తేలితే, తెల్ల ఇవాంజెలికల్స్‌లో నూటికి 80 మంది ఆయనకే.

ఇంకో లెక్క చెబుతాను, నాకు దానికన్నా ఇదే ఎక్కువ బాధ. వ్యక్తిగత జీవితంలో తప్పుడు పని చేసిన నాయకుడు పదవిలో నీతిగా ఉండగలడా అని ఒక సర్వే సంస్థ 2011లో అడిగింది. తెల్ల ఇవాంజెలికల్స్‌లో ఉండగలడన్నవాళ్లు నూటికి 30. 2016లో అదే ప్రశ్నకు 72. ఐదేళ్లలో బైబిలు మారలేదు కదా.

దీనికి వాక్యాధారం కూడా వెతుక్కున్నారు. మీకు కోరెషు తెలుసు. పారసీకుల రాజు, దేవుణ్ణి ఎరగనివాడు, అయినా యూదుల్ని చెరలోంచి విడిపించి పంపినవాడు. యెషయా గ్రంథం 45వ అధ్యాయం. ట్రంప్ 45వ అధ్యక్షుడు. రెండూ కలిపి, దేవుడు ఈయన్ని కోరెషులా వాడుకుంటున్నాడని బోధించారు. 2018 మేలో అమెరికా రాయబార కార్యాలయాన్ని జెరూసలేంకి మార్చినప్పుడు ఆ మాట ఇంకా బలపడింది. ఇజ్రాయెల్ గురించి మన సంఘాల్లో వినిపించే ప్రసంగాలే అక్కడా. నేను బోధకుణ్ణి కాదు. కానీ కోరెషుని యూదులు ఓటేసి తెచ్చుకోలేదు. ఆయన చేతికింద బతుకుతున్న చెరవాళ్లు వాళ్లు. ఎన్నుకుని తెచ్చుకునే రాజు సంగతి కావాలంటే మొదటి సమూయేలు 8వ అధ్యాయం తియ్యాలి. అన్ని జనాల్లాగే మాకూ రాజు కావాలి, మా ముందు నడిచి మా యుద్ధాలు చెయ్యాలి అని జనం పట్టుబట్టారు. సమూయేలు అలాంటి రాజు మీ దగ్గర ఏమేం తీసుకుంటాడో ఒక్కొక్కటీ చెప్పి వినిపించాడు. జనం వినలేదు.

ఇప్పుడు "తెల్ల" అన్న మాట దగ్గరికి వద్దాం. అట్లాంటాలో ఎబినేజర్ బాప్టిస్ట్ చర్చి ఉంది, మార్టిన్ లూథర్ కింగ్ పాస్టర్‌గా చేసిన చర్చి. అక్కడి పాస్టర్ రాఫెల్ వార్నాక్ 2021 జనవరిలో జార్జియా నుంచి డెమొక్రాట్‌గా సెనేట్‌కి గెలిచారు. అలాంటి నల్ల బాప్టిస్టు సంఘాల్లోకి వెళ్లండి. అదే సిలువ, అదే మారుమనస్సు, అదే వాక్యం, మన అమ్మమ్మలు చెప్పే సాక్ష్యమే. కానీ ఓట్లు అత్యధికంగా డెమొక్రాట్లకు. పైన చెప్పిన నాలుగు లక్షణాలే ఓటుని నిర్ణయిస్తే ఇద్దరూ ఒకేచోట వెయ్యాలి కదా? వెయ్యడం లేదంటే, 1845లో పడిన గీత ఇంకా చెరగలేదని అర్థం. 1963లో కింగ్ బర్మింగ్‌హాం జైలు నుంచి రాసిన ఉత్తరం నాస్తికులకు రాసింది కాదు. "తొందరపడకండి" అని తనకు సలహా ఇచ్చిన ఎనిమిది మంది తెల్ల మతపెద్దలకు రాసింది.

ఆ ఓటుకు ప్రతిఫలం దక్కలేదని ఎవరూ అనలేరు. ట్రంప్ ముగ్గురు న్యాయమూర్తుల్ని పెట్టాడు: గోర్సచ్, కావనా, బ్యారెట్. 2022 జూన్ 24న రో తీర్పు రద్దయింది. యాభై ఏళ్లు ప్రార్థించిన ఆవిడలాంటి వాళ్లు ఆ రోజు కన్నీళ్లు పెట్టుకున్నారు. అది వాళ్లకు మాట నిలబెట్టుకున్న నాయకుడు. ఈ సంగతి ఒప్పుకోకుండా వాళ్లను అమాయకులంటే వాళ్ల ఓటు మనకు ఎప్పటికీ అర్థం కాదు.

కానీ 2024 చూడండి. ఏప్రిల్‌లో ట్రంప్ అబార్షన్ సంగతి రాష్ట్రాలే చూసుకోవాలన్నాడు. జులైలో రిపబ్లికన్ పార్టీ మేనిఫెస్టోలో ఆ అంశాన్ని బాగా మెత్తబరిచారు. మా కోసం ఏం చేస్తావన్న ప్రశ్నే ఓటుకు ఆధారమైతే, ఇక్కడ కొన్ని ఓట్లయినా జారాలి. జారలేదు. మళ్లీ నూటికి 80 పైనే. అంటే సాక్ష్యం అడగడం ఆనాడే మానేశారు, ఇప్పుడు ప్రతిఫలం అడగడం కూడా మానేశారు. ఆయన మనవాడు, అంతే. ఆయన పక్కన ఉపాధ్యక్షుడిగా నిలబడ్డ జె.డి. వాన్స్ కాథలిక్కు, ఆయన భార్య ఉష మన తెలుగు మూలాలున్న హిందువు. ఒకప్పుడైతే దీని మీద చర్చిల్లో పెద్ద చర్చ నడిచేది. 1960లో కెనెడీ కాథలిక్కు అయినందుకు హ్యూస్టన్ వెళ్లి పాస్టర్ల ముందు సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఆ పాత అనుమానం పోవడం మంచిదే. కానీ దాని చోటులోకి వచ్చింది సహనం ఒక్కటే కాదు, పార్టీ కూడా.

నిలబడి వద్దన్నవాళ్లూ ఉన్నారు. బిల్లీ గ్రాహం స్థాపించిన క్రిస్టియానిటీ టుడే పత్రిక 2019 డిసెంబరులో ట్రంప్‌ని పదవి నుంచి తొలగించాలని సంపాదకీయం రాసింది. సంపాదకుడు మార్క్ గల్లీ ఎన్ని మాటలు పడ్డారో లెక్కలేదు. రస్సెల్ మూర్ 2021లో సదరన్ బాప్టిస్టుల నుంచి బయటికి వెళ్లిపోయారు. 2006లో కోటీ 63 లక్షలున్న ఆ కన్వెన్షన్ సభ్యత్వం 2023 నాటికి కోటీ 30 లక్షల కిందికి వచ్చింది. ఇదంతా రాజకీయం వల్లే అనను, కారణాలు చాలా ఉన్నాయి. కానీ చర్చికి రాని కుర్రాళ్లను కదిపితే మొదట చెప్పేది ఏమిటో పక్కింటావిడ మనవడి నోట విన్నాను. "నానమ్మ మాకు చిన్నప్పుడు నేర్పిందే నేను నమ్ముతున్నాను. తనే మర్చిపోయింది" అన్నాడు వాడు. ఆవిడ వంటింట్లో ఉంది. విన్నదో లేదో తెలియదు.

నేను అక్కడి ఓటరుని కాను, నాకు చెప్పే హక్కు ఎంతుందని మీరు అడగవచ్చు. గుండ్లకమ్మలో దిగినవాళ్ల మనవణ్ణి నేను. ఆ దేశం నుంచి వచ్చినవాళ్లు మా తాతలకు అక్షరం ఇచ్చారు, తలెత్తుకుని నిలబడటం నేర్పారు. నీ బతుకే నీ సాక్ష్యం అని మాకు చెప్పింది వాళ్లే. ఆ మాట మేం నమ్మాం. అందుకని వాళ్ల ఇంట్లో ఆ మాట చులకనైతే నాకు నొప్పి పుడుతుంది. మన దగ్గర కూడా ఎన్నికలొస్తే చర్చి వేదికల మీదికి నాయకులు ఎక్కుతున్నారు, శాలువాలు కప్పించుకుంటున్నారు, అది మీరూ చూస్తున్నారు.

కార్టర్ గారు 2024 డిసెంబరు 29న చనిపోయారు, నూరేళ్లు నిండాక. సదరన్ బాప్టిస్టుల నుంచి 2000లోనే బయటికి వచ్చేశారు. కానీ ఊళ్లోని మారనాత బాప్టిస్ట్ చర్చిలో 2019 దాకా సండే స్కూలు పాఠం చెబుతూనే ఉన్నారు. ఆ పాఠం వినడానికి దేశం నలుమూలల నుంచి వచ్చి తెల్లారకముందే వరసలో నిలబడేవాళ్లు. జనవరి 9న వాషింగ్టన్ కథీడ్రల్‌లో ప్రార్థన జరిగింది, ట్రంప్ కూడా వచ్చి కూర్చున్నాడు. సాయంత్రం శరీరాన్ని ప్లెయిన్స్ తీసుకెళ్లి ఆ చిన్న చర్చిలో ఆఖరి ఆరాధన చేశారు. నేను అప్పటికి ఇక్కడికి వచ్చేశాను. మా అమ్మాయి ఫోన్ చేసి, పక్కింటావిడ పొద్దుటి నుంచీ టీవీ ముందే ఉందని, తనూ వెళ్లి కాసేపు కూర్చుందని చెప్పింది. వాళ్లిద్దరూ రాజకీయం ఏమీ మాట్లాడుకోలేదట. శవపేటికను చర్చిలోకి తీసుకెళ్తుంటే మాత్రం ఆవిడ అందట, "ప్లెయిన్స్ ఒకసారి వెళ్లి ఆయన క్లాసులో కూర్చోవాలని ఎన్నాళ్లో అనుకున్నాను. ఎందుకో వెళ్లలేదు" అని.

ఇక మీరు అడగండి. ఆ వెనక వరసలో ఉన్న తమ్ముడు ఇందాకటి నుంచి చెయ్యెత్తుతున్నాడు, ముందు ఆయనకి మైకు ఇవ్వండి.